అచ్చు దిమ్మె

బెండకాయను అడ్డంగా కోసి, సిరాలో అద్ది, తెల్లకాగితం మీద ఒత్తితే ఒక పువ్వు ఏర్పడుతుంది. ఈ ఆట ఎరుగని బాలబాలికలు తెలుగునాట అరుదు. బెండకాయలో గింజలున్న గదులు పల్లంగా ఉంటాయి. వాటి నడుమనున్న గోడలు ఎత్తుగా ఉంటాయి. ఎత్తుగా ఉన్న భాగమే సిరాను అందుకొని కాగితానికి అందిస్తుంది. పల్లంగా ఉన్న చోటు తెల్లగా మిగిలిపోతుంది. కార్యాలయాలలో వాడే రబ్బరు ముద్రకూ, ఒకప్పటి అచ్చుకూటాలలోని సీసపు అక్షరాలకూ, కలంకారీ వస్త్రాలను అద్దే కొయ్య దిమ్మెలకూ మూలసూత్రం ఇదే. దీనిని ఉబ్బెత్తు ముద్రణ అంటారు.

చిత్రకారుడు కాగితం మీద గీతను గీస్తాడు. అచ్చు చెక్కేవాడు గీత కాని దానినంతటినీ తొలగించి, గీతను మాత్రం మిగులుస్తాడు. కాగితం మీది తప్పును చెరిపి దిద్దుకోవచ్చును. చెక్క నుండి ఊడిన పెచ్చు తిరిగి అతకదు. కావున ఈ విద్యలో ప్రవేశించదలచిన వారు బొమ్మ గీయడం కంటె ముందుగా చెక్క స్వభావాన్నీ, ఉలి స్వభావాన్నీ తెలుసుకోవాలి.

చెక్కడంలో రెండు మార్గాలు

కొయ్య మీద చెక్కి ముద్రించే పద్ధతి చాలా ప్రాచీనమైనది. ముద్రణ తేదీ స్పష్టంగా ఉన్న గ్రంథాలలో అతి పురాతనమైనదిగా పేరొందిన వజ్రచ్ఛేదిక సూత్రం చైనాలో క్రీ.శ. 868లో కొయ్య దిమ్మెలతోనే అచ్చయింది. తున్‌హువాంగ్ గుహలలో లభించిన ఆ బౌద్ధ గ్రంథం నేడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

కొయ్య ముద్రణలో రెండు మార్గాలున్నాయి. మానును నిలువునా కోసి తీసిన పలక మీద కత్తితోను, ఉలితోను చెక్కడం మొదటిది. ఇక్కడ పొరలు పలక పొడవునా సాగుతాయి. పొర వెంబడి ఉలి సులభంగా నడుస్తుంది. పొరకు అడ్డంగా నడిపితే పెచ్చులు లేస్తాయి. మానును అడ్డంగా కోసి, ఆ కోత ముఖం మీద చెక్కడం రెండవది. అక్కడ పొరల కొసలు మాత్రమే పైకి కనిపిస్తాయి గనుక పనిముట్టు ఏ దిక్కుకైనా ఒకే తీరుగా నడుస్తుంది. వెంట్రుకంత సన్నని గీతలు సాధ్యమవుతాయి. ఇంగ్లండుకు చెందిన థామస్ బ్యూయిక్ (1753-1828) బాక్స్‌వుడ్ అనే గట్టి కర్ర మీద బ్యూరిన్ అనే ఉక్కు ములికితో ఈ మార్గాన్ని ఉన్నతస్థాయికి చేర్చాడు. 1797, 1804 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా వెలువడిన ఆయన పక్షుల గ్రంథంలోని బొమ్మలు అందుకు నిదర్శనాలు.

పెడన దిమ్మెలు

మన రాష్ట్రంలో కొయ్య అచ్చుల పనికి నిలయం కృష్ణా జిల్లాలోని పెడన. నిడదవోలు జంక్షన్ నుండి తణుకు, భీమవరం, గుడివాడల మీదుగా మచిలీపట్నం వెళ్లే రైలు మార్గంలో, మచిలీపట్నానికి కొంత ముందు ఈ ఊరు తగులుతుంది. పచ్చని వరిచేల నడుమ సాగే ఆ మార్గం గోదావరి డెల్టాను కృష్ణా డెల్టాతో కలుపుతుంది. నిడదవోలు విద్యార్థి ఒకే రైలు మార్గం వెంట వెళ్లి ఈ పనిని కన్నులారా చూసి రావచ్చును.

పర్షియన్ భాషలో 'కలం' అంటే లేఖిని, 'కారీ' అంటే పని. శ్రీకాళహస్తిలో నేటికీ కలంతోనే గుడ్డ మీద బొమ్మలు గీస్తారు. మచిలీపట్నం, పెడన ప్రాంతాలలో మాత్రం కలం స్థానాన్ని కొయ్య దిమ్మె ఆక్రమించింది. పేరు అలాగే నిలిచింది. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

దిమ్మెలకు ఇక్కడ టేకు కర్రను వాడతారు. అందుకు తగిన కారణముంది. అద్దకపు దిమ్మె వేలకొలది దెబ్బలు తినాలి, పదే పదే తడిసి ఆరాలి. టేకులో సహజంగా నూనె గుణముంటుంది. అందువలన అది తడికి అంతగా ఉబ్బదు, ఎండకు అంతగా వంకర తిరగదు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి తేలికగా, మెత్తగా ఉంటుంది. బొమ్మకు ఆ గుణం వరం. దిమ్మెకు అదే లోపం. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్ర నునుపైనది, తరిణె పట్టడానికి అనువైనది. పనికి తగిన కర్రను ఎన్నుకోవడంలోనే సగం నేర్పు ఉంది.

దిమ్మె తయారీ

ముందుగా బాగా ఆరిన కర్రను ఎన్నుకొని, కావలసిన కొలతకు కోసి, చిత్రిక పట్టి ముఖాన్ని సమతలం చేస్తారు. ఎక్కడ కొద్దిపాటి పల్లమున్నా అక్కడ అద్దకం పడదు. తరువాత కాగితం మీద గీసిన నమూనాను చెక్క మీదికి ఎక్కిస్తారు. గీతల వెంట సూదితో సన్నని రంధ్రాలు పొడిచి, కాగితాన్ని చెక్క మీద పరిచి సుద్దపొడి రాస్తే గీతలు చుక్కలుగా దిగుతాయి. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎడమకు చూసే హంస గుడ్డ మీద కుడికి చూస్తుంది. అక్షరాలైతే అద్దంలో కనిపించే విధంగా చెక్కవలసి ఉంటుంది.

ఇక చెక్కడం మొదలవుతుంది. సన్న ఉలితో గీతకు ఇరువైపులా గండి పెట్టి, తరువాత వెడల్పు ఉలితో మిగిలిన చోటును తొలిచివేస్తారు. చిన్న కొయ్య సుత్తితో ఉలి మీద మెల్లగా తట్టుతూ పోతారు. లోతైన మూలలను బర్మాతో తొలుస్తారు. గీత గోడ పైన సన్నగా, అడుగున వెడల్పుగా ఉండేటట్లు ఉలిని కొంచెం వాలుగా పట్టడం ఇందులోని ముఖ్య రహస్యం. గోడ అడుగు భాగం సన్నబడితే కొద్దికాలంలోనే గీత విరిగిపోతుంది. లోతు చాలకపోతే పల్లంలో కూడా రంగు చేరి గుడ్డ మీద మరకలు పడతాయి.

పెద్ద దిమ్మెలకు వెనుక వరకు రంధ్రాలు చేస్తారు. గుడ్డకూ దిమ్మెకూ నడుమ చిక్కుకున్న గాలి వాటి గుండా బయటికి పోతుంది. వెనుక పిడి అమర్చి, దిమ్మెను కొన్ని రోజులు నూనెలో నానబెడతారు. నూనె పట్టిన కర్ర నీటిని పీల్చుకోదు.

దిమ్మె నుండి గుడ్డకు

ఒక నమూనాకు ఒక దిమ్మె చాలదు. అంచు గీతలకు ఒకటి, లోపల నింపే ప్రతి రంగుకు మరొకటి కావాలి. గీత దిమ్మె, నింపుడు దిమ్మె ఒకదానిపై ఒకటి సరిగా కూర్చోవాలి. వెంట్రుక వాసి తేడా వచ్చినా పువ్వు ఒకచోట, దాని రంగు మరొకచోట పడతాయి. అందుకని అంచులలో చిన్న గుర్తులు పెట్టుకుంటారు.

గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన ద్రావణంలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును అటూ ఇటూ పాకనీయదు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీటిలో కొన్ని వారాలు నానబెట్టి చేసిన ద్రావణం కరక్కాయతో కలిసినప్పుడు నలుపునిస్తుంది. ఎరుపు కావలసిన చోట పటిక ద్రావణాన్ని అద్దుతారు. ఆ తరువాత గుడ్డను పారే నీటిలో ఉతికి, ఎరుపు రంగునిచ్చే సరుకుతో కలిపి కాగులో ఉడికిస్తే పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. పూర్వం అందుకు చిరివేరును వాడేవారు. అనగా అద్దకం చేసేవాడు అద్దే వేళకు ఎరుపును చూడడు. తాను అద్దినది సరిగా పడినదో లేదో కాగులోనుండి గుడ్డ పైకి వచ్చిన తరువాతనే తెలుస్తుంది. ఇంతటి అనిశ్చిత స్థితిలో అతడు నమ్ముకోగలిగినది దిమ్మె ఒక్కటే.

పోటీ

కోరమండల్ తీరపు అద్దకపు వస్త్రాలకు 17వ శతాబ్దంలో ఐరోపాలోను, పర్షియాలోను గొప్ప గిరాకీ ఉండేది. వాటి ధాటికి తమ నేతగాళ్లు తట్టుకోలేరని భయపడి ఫ్రాన్సు ప్రభుత్వం 1686లో వాటిని నిషేధించింది. ఆ నిషేధం 1759 వరకు సాగింది. ఇంగ్లండు 1700లో దిగుమతిని, 1721లో వాడకాన్ని అరికట్టుతూ చట్టాలు చేసింది. చట్టాలు చేసి ఆపవలసినంతటి శక్తి ఆ వస్త్రాలకు ఉండేదన్న మాట.

నేటి పోటీ వేరు. స్క్రీను అద్దకం, యంత్ర ముద్రణ కలంకారీ నమూనాలను అనుకరిస్తూ తక్కువ ధరకు గుడ్డను అందిస్తున్నాయి. దిమ్మె చెక్కడానికి రోజులు పడుతుంది. స్క్రీను సిద్ధం చేయడానికి అంత కాలం అక్కరలేదు. కొనేవారికి ఈ రెండింటి తేడా తెలియనప్పుడు చవకైనదే నిలుస్తుంది. ఇందులో అందరికంటె ముందుగా నష్టపోయేవాడు దిమ్మె చెక్కే పనివాడు. వస్త్రం మీద నేసినవాని పేరు గాని, అద్దినవాని పేరు గాని అప్పుడప్పుడైనా వినిపిస్తుంది. దిమ్మె చెక్కినవాని పేరు ఎక్కడా కనిపించదు. అతని చేయి ఆగితే పాత దిమ్మెలు అరిగిపోయేవరకే ఆ నమూనాలు బతుకుతాయి.

తొలి అడుగు

ఈ విద్యను రుచి చూడదలచిన విద్యార్థికి పెద్ద ఖర్చు అవసరం లేదు. తొలిసారి గట్టి కర్ర జోలికి పోక, చిత్రకళా సామగ్రి అమ్మే దుకాణాలలో దొరికే లినోలియం పలకతో ప్రారంభించడం మేలు. దానికి పొరలుండవు, ఉలి ఏ దిక్కుకైనా నడుస్తుంది. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ 1930లో దండి యాత్రను తలచుకొని చేసిన గాంధీజీ చిత్రం లినోలియం మీద చెక్కినదే. నల్లని నేపథ్యంలో తెల్లని గీతలతో, చేతికర్ర పట్టి నడిచే ఆ మూర్తిని ఎరుగని భారతీయులు తక్కువ. సాధారణమైన పలక మీద కూడా ఎంతటి పని సాధ్యమో దానివలన తెలుస్తుంది.

పనిముట్లు నాలుగైదు చాలు. సన్న గీతలకు కోణపు మొన గల ఉలి, విశాలమైన చోటును తొలచడానికి దోనె ఆకారపు ఉలి, అంచులు కోయడానికి ఒక కత్తి, పదును పెట్టడానికి సానరాయి, పలక జారకుండా ఆపే చెక్క ఉండాలి. పాత గొడుగు ఊచకు సహజంగానే దోనె ఆకారముంటుంది. దాని కొసను సానరాయి మీద నూరి, కొయ్య పిడిలో బిగిస్తే లినోలియానికి పనికివచ్చే చిన్న ఉలి అవుతుంది. ముద్రించడానికి అచ్చు సిరా, దానిని పలుచగా పరచడానికి అద్దపు ముక్క, ఒక రోలరు కావాలి. ముద్రణ యంత్రం లేకున్నా ఇబ్బంది లేదు. సిరా పూసిన పలక మీద కాగితం పరిచి, గరిటె వీపుతో సమంగా రుద్దితే అచ్చు పడుతుంది.

రెండు జాగ్రత్తలు మరువరాదు. ఉలి నడిచే దారిలో ఎన్నడూ చేయి ఉంచరాదు. రెండు చేతులూ మొనకు వెనుకనే ఉండాలి. పదును తగ్గిన ఉలిని వాడరాదు. మొద్దు ఉలికి బలం ఎక్కువ కావాలి. బలం ఎక్కువైనప్పుడు అది జారుతుంది. పదునైన ఉలి కంటె మొద్దు ఉలియే ఎక్కువ గాయాలు చేస్తుంది.

కొంత చెక్కి ఒక అచ్చు తీసి చూడాలి. మళ్లీ కొంత చెక్కాలి. తొలగించడానికి ఇంకా అవకాశమున్నంత వరకు తొందర లేదు. ఒకటి రెండు పలకలు ఓపికగా చెక్కిన విద్యార్థి ఆ తరువాత పెడన వస్త్రాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు, ప్రతి గీతకూ ఇరువైపులా ఉలి నడిచిన జాడను పోల్చుకోగలడు. యంత్రం అచ్చువేసిన గుడ్డకూ దానికీ గల తేడా అతనికి ఎవరూ చెప్పనవసరం లేదు. అట్టి కొనుగోలుదారులు పెరిగిననాడే దిమ్మె చెక్కే చేతికి పని నిలుస్తుంది.