తవ్వకుండా దొరికే నిధి!

తొలకరి చినుకు పడితే చాలు... కర్నూలు జిల్లాలోని తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జాతర మొదలవుతుంది. వాన కడిగిన నేలలో తళుక్కుమనే వజ్రం కోసం చుట్టుపక్కల జిల్లాల నుంచే కాదు, కర్ణాటక నుంచీ జనం వస్తారు. పొద్దస్తమానం చూపు మట్టిమీదే. దొరికేది ఏ ఒక్కరికో. అయినా ఆ వెతుకులాటలోని హుషారే వేరు!

ఆ హుషారును ఆలూరు వైపు ఏ ఊళ్లోనైనా ఒక్క పూటలో పిల్లలకు పంచవచ్చు. యువజన సంఘమో, పొదుపు సంఘం అక్కలో పూనుకుంటే చాలు. ఖర్చంటారా... కాసిని కాగితాలు, గంపెడు చెనిక్కాయ ఉండలు!

ముందుగా నిర్వాహకులు ఊరంతా తిరిగి ఆరేడు చోట్లు ఎంచుకోవాలి. రచ్చకట్ట, బడి, పీర్ల చావిడి, పాత వీరగల్లు... ఒక్కోదాని గురించి పెద్దల్ని అడిగి ఒక్కో సంగతి రాసుకోవాలి. దాన్నే పొడుపుకథగా మలచాలి. 'నా గొంతు వింటే పరుగున లోపలికొస్తారు, సాయంత్రం అదే గొంతు వింటే పరుగున ఇంటికెళతారు' అని చీటీలో ఉంటే పిల్లలు బడిగంట దగ్గరికి ఉరుకుతారు. అక్కడ రెండో చీటీ. ఒకటి రెండు చీటీలు మాత్రం అవ్వాతాతల్ని అడిగితేనే విడేలా ఉండాలి.

ఐదుగురికో జట్టు, జట్టుకో పెద్దమనిషి తోడు. ఒక్కో జట్టును ఒక్కో చోటు నుంచి వదిలితే ఒకరి వెనక ఒకరు పోరు. బావులు, కుంటలు, బస్సులు తిరిగే రోడ్డు వద్దు. ఎండ ముదిరేలోగా ఆట ముగియాలి.

రహస్య లిపికి నమూనా కూడా ఈ సీమలోనే ఉంది. పత్తికొండ నుంచి గుత్తి వెళ్లే దారిలో ఎర్రగుడి బండలపై క్రీ.పూ. 3వ శతాబ్దం నాటి అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో ఒకదాన్ని కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కారు. మడక కట్టిన ఎద్దులు సాలు తిరిగినట్టు! ఒక చీటీని అలా రాసి చూడండి. పిల్లలు తలలు పట్టుకుంటారు.

ఒక్కటే షరతు... ఎక్కడా తవ్వకూడదు. గుప్తనిధుల ఆశతో పాత గుళ్లను, విగ్రహాలను పగలగొట్టిన ఉదంతాలు రాయలసీమలో ఎన్నో. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో దాగిన సొత్తు పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాల్సిందే. ఈ మాట ఆటకు ముందే పిల్లలకు చెప్పాలి. పాత రాళ్లకు జిగురు, రంగు పూయకుండా చీటీని పక్కనున్న చెట్టుకు కట్టాలి.

ఆఖరి చీటీ అందర్నీ రచ్చకట్టకు చేరుస్తుంది. ఉండలు పంచుకుంటూ ప్రతి జట్టూ తాను తెలుసుకున్న సంగతులు ఊరివాళ్లకు చెప్పాలి. ఇన్నాళ్లూ ఎక్కి ఆడుకున్న రాయి ఎవరో వీరుడి గుర్తని తెలిసిన పిల్లాడు, రేపు దానిమీద ఎవరైనా గడ్డపార ఎత్తితే ఊరుకుంటాడా?