పట్టీల్లేని సీప్యాప్ మాస్క్

నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా వార్తల్లో వినిపిస్తున్న ‘స్ట్రాప్‌లెస్ మాస్క్’ అంటే తలచుట్టూ పట్టీలు బిగించకుండా, ముక్కుపుటాలకు అంటుకునే జిగురు ముక్కలతో నిలిచే గాలి తొడుగు. గొంతు కండరాలు వదులై శ్వాసదారి మూసుకుపోకుండా సీప్యాప్ యంత్రం దీని గుండా గాలిని ఒత్తిడితో పంపుతుంది. ఆస్ట్రేలియా వైద్యుడు కొలిన్ సలివన్ బృందం 1981లో వెల్లడించిన ఈ సీప్యాప్ చికిత్స, పెట్టుకున్నంతసేపే పనిచేస్తుంది. అందుకే సౌకర్యాన్ని సోకుగా కొట్టిపారేయలేం. మామూలు మాస్క్‌లో గాలి కారుతోందని పట్టీలు మరింత బిగిస్తే ముఖం ఒరుసుకుపోతుంది, విసిగి తీసేస్తారు. జిగురు నిలుస్తుందా అన్న సందేహమూ సబబే. జిడ్డు చర్మంపై అది ఊడొచ్చు, కొందరికి దద్దుర్లు రావచ్చు. నోటితో ఊపిరి తీసేవారికి ఇది సాధారణంగా కుదరదు. వాడి పారేసే ముక్కలకు ఖర్చు పెరుగుతూనే ఉంటుంది. కొనేముందు డాక్టరు రాసిన ఒత్తిడితో పడుకుని పరీక్షించాలి. గాలి ఎంత కారిందో చాలా యంత్రాలు తెల్లారేసరికి చూపిస్తాయి.