పిల్లవానికొక పెద్దదిక్కు

ఉదయమున హాజరుపట్టీ చదువునపుడు “ఉన్నానండీ” అన్న మాట వినవచ్చును. ఆ మాట పలికిన బాలుని మనస్సెక్కడ ఉన్నదో పట్టీ చెప్పదు. గోదావరి డెల్టాలో ఆరు మొదలు ఎనిమిదవ తరగతివరకు చదువు పిల్లలలో, తల్లి గల్ఫు దేశమున ఇంటిపనికి పోగా అమ్మమ్మ యొద్ద పెరుగువారు కలరు. తండ్రి చేపలచెరువు కాపలాకు కుదరగా గట్టుమీది పాకనుండి బడికి వచ్చువారు కలరు. వరదనాళ్ళలో పడవ లేనిదే లంక దాటలేనివారును కలరు. బడి మానువాడు ఒక్కనాడే మానడు. ముందు మాట మానును, పిదప లెక్కలు మానును, తుదకు బడి మానును.

ఆ మొదటి మౌనమును పసిగట్టుటకే విద్యార్థి సలహా కార్యక్రమము. పదునైదు, ఇరువదిమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుని పెద్దదిక్కుగా నిలుపుట దీని సారము.

గురువు పాఠముతో ఆగరాదన్న భావము ఈ నేలకు కొత్త కాదు. వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించినపుడు ఊరు ఎదురుతిరుగగా, ఆయనకు అండగా నిలిచినవారిలో విద్యార్థులుండిరి. కాకినాడ పిఠాపురం రాజా కళాశాల అధ్యక్షులైన రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు విద్యార్థుల చదువుతోపాటు నడవడిని పట్టించుకొనిరి. అనాథ బాలల పోషణకును పూనుకొనిరి. 1952–53 నాటి మొదలియార్ సంఘము ఉన్నత పాఠశాలలలో మార్గదర్శనము అవసరమనెను. 2009 విద్యాహక్కు చట్టము ఉపాధ్యాయుడు తలిదండ్రులను తరచు కలిసి బిడ్డ హాజరును, చదువును తెలుపవలెననియు, బిడ్డ భయము లేక తన భావము చెప్పగలుగవలెననియు విధించెను.

ఇక ఆచరణ. జూన్‌లో బడి తెరువకముందే ప్రధానోపాధ్యాయుడు జాబితాలు సిద్ధపరుపవలెను. వ్యాయామోపాధ్యాయునికి సైతము ఒక జట్టు నీయవలెను. తరగతిలో నోరెత్తని బాలుడు ఆటస్థలమున మాటాడును. ఆడపిల్లలు తమ మాట చెప్పుకొనుటకు ఒక ఉపాధ్యాయిని అందుబాటులో ఉండవలెను. మూడేండ్లును ఆ జట్టు ఆ ఒక్కరి యొద్దనే ఉండుట మేలు. నమ్మకము ఒక్క వేసవిలో పండు పంట కాదు.

వారమున కొక్క పీరియడు చాలును. అయితే మిగిలిపోయిన పాఠము పూర్తిచేయుటకు దానిని వాడినచో కార్యక్రమము ఆనాడే ముగిసినట్లు. నీతిబోధకు వాడినను అంతే. అడుగవలసినవి చిన్న ప్రశ్నలు: ఈవారము ఏమి కష్టమైనది? ఇంటివద్ద చదువుటకు చోటున్నదా? మాటాడనివానిని బలవంతపెట్టరాదు, బడి విడిచినపిదప రెండడుగులు కలిసి నడచిన చాలును. సార్వా కోతలకు, దాళ్వా నాట్లకు గైరుహాజరగువారిని ముందే గుర్తించి, మందలింపుగా గాక పలకరింపుగా ఇంటికి పోవలెను. తల్లి దూరదేశమున నున్నచో అమ్మమ్మతోనే మాటాడవలెను. ఆమె వ్రేలిముద్రయు సంతకమే.

బిడ్డ చెప్పిన రహస్యమును ఉపాధ్యాయుల గదిలో ముచ్చటగా చేయరాదు. కాని ఎవరైన కొట్టుచున్నారనియో, పెండ్లి తలపెట్టినారనియో తెలిసినపుడు దాచరాదు. ప్రధానోపాధ్యాయునికి చెప్పి, 1098కి తెలుపవలెను. ఈ హద్దును మొదటి సమావేశముననే పిల్లలకు చెప్పుట న్యాయము.

ఉపాధ్యాయునికి ఇప్పటికే పనులు మిక్కుటమన్న మాట నిజము. అందుచే ఈ పని పీరియళ్ళ పట్టికలో చోటుచేసికొనవలెను గాని, పట్టిక వెలుపల మరియొక బరువు కారాదు. ఏడాది చివర లెక్కింపవలసినది సమావేశముల సంఖ్య కాదు. జూన్‌లో వచ్చిన పిల్లలలో ఏప్రిల్‌లో ఎందరున్నారు, ప్రతి బిడ్డయు కష్టమువచ్చినపుడు తలచుకొను పేరొకటి ఆ బడిలో ఉన్నదా—ఈ రెండే పరీక్షలు.