ఇరుకింటికి గోడదీపము

ఇల్లు చిన్నదైనచో దీపమునకు సైతము చోటు వెదకవలసి వచ్చును. సికిందరాబాదున సైనికపురికి చేరువనున్న యాప్రాల్‌లో మాకు పరిచితురాలగు నొక సోదరి యింట మేమీ సంగతిని కన్నులార చూచితిమి. ఆమెది రెండు గదుల వాటా. ఒక గదిలోనే అత్తగారి మంచము, కుమార్తె చదువుబల్ల, ఆమె కుట్టుమిషను. మూలన నొక నిలువు దీపస్తంభము. ఒకనాటి రాత్రి దాని తీగ కాలికి తగుల్కొని అత్తగారు పడబోయి, మంచపుకోడు పట్టుకొని నిలిచిరి. “అమ్మాయీ, మా కాలమున దీపము గూటిలో నుండెడిది, కాళ్ల కడ్డము వచ్చెడిది కాదు” అని యామె యన్నమాట మమ్ము యోచింపజేసినది.

నిజమే. మన పెద్దల మట్టిగోడలు మిక్కిలి మందమైనవి. వానిలో గూడు తీర్చి ప్రమిద నుంచెడివారు. నేల కలిసివచ్చెడిది, గాలికి దీపము కొండెక్కకుండెడిది. గదుల నడుమ నేడు కట్టెడి సన్నని యిటుకగోడ గూటికి చాలదు. దానికి, గోడనుండి చేయి చాచెడి దీపము తగును.

ఈ విషయమును ఫ్రాన్సు దేశీయుడగు ఝా ప్రూవే (1901–1984) చక్కగా నాలోచించెను. లోహపుపనిలో నారితేరిన యీయన, భాగములుగా పంపి ఆఫ్రికాలో కూర్చదగిన ‘ఉష్ణమండల గృహము’ను కల్పించి, దానికై 1950 ప్రాంతమున ‘పొటాన్స్’ అను గోడదీపమును రూపొందించెను. సన్నని యుక్కుగొట్టము, కొన నొక బల్బు, గొట్టమును పైనుండి పట్టియుంచు తీగ, ఇంతియే. రెండు మీటర్లకు మించిన యా చేయి తలుపురెక్కవలె నిటునటు తిరుగును. అంతటి దీపము మన కందకపోవచ్చును గాని, గోడపై తిరుగు చిన్నచేతి దీపములు మన యంగళ్లలోను దొరకును.

బిగించునపుడు కొన్ని జాగ్రత్తలు వలయును. చేయి నిడివియైన కొలది గోడపై లాగుడు హెచ్చును; కావున పూతలో మేకు కొట్టక, ఇటుకలో రంధ్రము చేసి మరచీలలు బిగింపింపవలెను. స్విచ్చిబోర్డునకు తిన్నగా పైనగాని క్రిందగాని రంధ్రము చేయింపరాదు. అచ్చట విద్యుత్తీగ లుండవచ్చును. పని ముగియువరకు మెయిను స్విచ్చి నాపియుంచవలెను. కూర్చున్నవారి కంటికి బల్బు కనబడనంత క్రిందికి షేడు అంచు రావలెను. కుడిచేత వ్రాయువారికి వెలుగు ఎడమవైపునుండి పడిన చేతినీడ యడ్డురాదు. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు పూర్వపు 60 వాట్ల బల్బుతో నించుమించు సమానముగా వెలుగును; వేడియు తక్కువ.

ఆ సోదరి యట్లే చేయించినది. దీపస్తంభము వెడలిపోయెను, నేల విశాలమయ్యెను. మరల మేము పోయినపుడు బాలిక చదువు ముగించి లేచినది. కోడలు ఎప్పటివలె మసకవెలుతురున సూదికి దారమెక్కించుకొనుచుండగా, అత్తగారు చేయి చాచి దీపమును కుట్టుమిషనువైపు త్రిప్పిరి.

సోదరీమణులారా! అందరి పనులును తీరిన పిదప మిగిలిన మసకవెలుతురే గృహిణి వంతని యేల యనుకొనవలెను? గోడపై దీపము బిగించునపుడు, అది మీరు కూర్చుండు చోటికిని తిరుగునో లేదో ముందుగా చూచుకొనుడు.