టికెట్టు తగ్గింది, మెట్టు తగ్గలేదు

రాజోలులో మా ఆయనా నేనూ అమలాపురం బస్సెక్కితే కండక్టరు రెండు రకాల టికెట్లు కొడతాడు. నాది సున్నా, ఆయనది ముప్పావు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద మన రాష్ట్రం ఆడవాళ్లకి పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఛార్జీ లేదు. ఆధార్ కార్డో, ఓటరు కార్డో చూపించాలంతే. మగాళ్లకి అరవై దాటితే పావు వంతు తగ్గిస్తారు. కరోనాలో ఆగిన ఆ రాయితీ 2022లో మళ్లీ వచ్చింది. "నీకంటే పెద్దోణ్ణి, నాకేమో టికెట్టా?" అని ఈయన కండక్టరుకి వినపడేలా గొణుగుతారండి.

నేను ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా బస్సుల్లో ఊళ్లు తిరగడమే. అందుకే చెబుతున్నా, ముసలాళ్లకి డబ్బు బాధ చాలావరకు తీరింది, ఒంటి బాధే తీరలేదు. మోకాళ్లు అరిగినవాళ్లకి బస్సు ఎక్కడం కన్నా దిగడం కష్టం. కింది కాలు నేలకి ఆనేదాకా ఒళ్లంతా పైకాలి మోకాలి మీదే ఉంటుంది. బస్సుని తారు అంచు దాటించి ఆపితే నేల ఇంకో జానెడు కిందకి పోతుంది. ఓ చేతిలో సంచి, ఇంకో చేతిలో కర్ర ఉంటే రాడ్డు దేంతో పట్టుకోవాలి? పెద్ద పట్నాల్లో తిరిగే లో ఫ్లోర్ బస్సుల నేల రోడ్డుకి 400 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. పల్లెవెలుగుకి ఆ సుఖం లేదు. డ్రైవరు పూర్తిగా ఆపి, దిగినవాళ్లు పక్కకి జరిగాక కదిపితే చాలు, సగం భయం పోతుంది.

అసలు సంగతి ఇంకోటుంది. బీపీకి నీరు తీసే బిళ్ల వాడేవాళ్లు చాలామంది ప్రయాణం రోజున దాన్ని మానేస్తారు. ఆడవాళ్లయితే పొద్దుట్నుంచి మంచినీళ్లు కూడా తాగరు. దారిలో ఎక్కడ ఆపమంటాం, దిగితే మరుగెక్కడ అని. అలా వట్టి గొంతుతో తాటిపాక, పాశర్లపూడి, బోడసకుర్రు వంతెన దాటి అమలాపురంలో డాక్టరు ముందు కూర్చుంటే బీపీ ఎక్కువ చూపించదూ? ఆయన మందు పెంచుతాడు. బిళ్ల మానిన సంగతి మనం చెప్పం, ఆయన అడగడు. ప్రయాణం రోజున ఆ బిళ్ల ఏ వేళకి వేసుకోవాలో ముందే డాక్టర్ని అడిగి పెట్టుకోండి. సిగ్గుపడే విషయం కాదిది.

రైలెక్కాలంటే మా వైపు నరసాపురమే దిక్కు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదారి దాటాలి, వరదొస్తే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. ఒకప్పుడు రైల్లో యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకి సగం, అరవై దాటిన మగాళ్లకి నూటికి నలభై తగ్గేది. 2020 మార్చిలో తీసేశారు.

హైదరాబాదులో మా అబ్బాయి దగ్గరికెళ్తే నా దర్జా అంతా దిగిపోతుంది. అక్కడ మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9 నుంచే ఉందిగానీ అది తెలంగాణ ఆడవాళ్లకి. నా ఆధార్ చూసి టికెట్టు కొట్టేస్తారు. మెట్రోలో మాత్రం లిఫ్టు ఉంది, పెద్దవాళ్లకి సీట్లు వేరే ఉన్నాయి. మోకాలికి పని చెప్పకుండా ప్లాట్‌ఫారం మీదికి వెళ్లిపోవచ్చు. లిఫ్టు దాకా వెళ్లడానికి ఆ రోడ్డు దాటేసరికే, అమ్మో, అంతర్వేది తీర్థంలో రథం దగ్గర జనాన్ని తోసుకెళ్లడం నయం.

ఇంటి దగ్గర ఇప్పుడు కొత్త ఏర్పాటు నడుస్తోంది. అమలాపురంలో బ్యాంకు పనున్నా, కళ్లజోడు బాగుచేయించాలన్నా, చుట్టాలింట్లో పరామర్శకైనా "నువ్వెళ్లిరా, నీకు ఫ్రీ కదా" అంటున్నారు మా ఆయన. ఆయన మోకాళ్లు నా మోకాళ్లకంటే గట్టివండి.