ఆరున్నర లక్షల చిత్రాల్లోంచి అడవి లెక్క

2000 నుంచి 2012 దాకా ప్రపంచంలో 23 లక్షల చదరపు కిలోమీటర్ల మేర చెట్లు పోయాయి. కొత్తగా పెరిగింది 8 లక్షలే. పోయిన విస్తీర్ణం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపితే వచ్చేదానికి ఎనిమిది రెట్లకు పైమాటే. మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ హాన్సెన్ బృందం 2013లో ‘సైన్స్’ పత్రికలో ఈ లెక్క ప్రకటించింది.

దీనికి వాడినవి ల్యాండ్‌శాట్-7 ఉపగ్రహం తీసిన 6,54,178 చిత్రాలు. వాటిలో ఒక్కో పిక్సెల్ నేలమీద 30 మీటర్ల చదరం, అంటే ఎకరం పొలానికి నాలుగున్నర పిక్సెళ్లు. పైగా 2003 మేలో ఉపగ్రహంలో స్కాన్ లైన్ కరెక్టర్ పాడైంది. ఆ తర్వాత తీసిన ప్రతి చిత్రంలోనూ దాదాపు 22 శాతం ఖాళీ చారలే. ముందు మబ్బులు తీసేయాలి, చారల జాగాను వేరే రోజు తీసిన చిత్రాలతో పూడ్చాలి, ఆ తర్వాతే చెట్టుందో లేదో తేల్చాలి. ఒక దశలో తేలింది తర్వాతి దశకు అందే ఈ వరుసే వర్క్‌ఫ్లో. మబ్బు నీడ ఒకటి మిగిలిపోయినా చివర్లో అది నరికేసిన అడవిలా కనబడవచ్చు.

ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో ఈ పనికి 10 లక్షల కోర్-గంటలు పట్టాయి. ఒక్క ప్రాసెసర్ కోర్‌తో చేస్తే 114 ఏళ్లు! 10,000 కంప్యూటర్లకు పంచడంతో రోజుల్లో ముగిసింది.

అయితే ఇక్కడ చెట్టంటే 5 మీటర్లు దాటిన ఏ చెట్టయినా సరే. మన తీరంలో రైతు కోతకొచ్చిన సరుగుడు తోట కొట్టించినా అది నష్టం కిందే పడుతుంది. సహజమైన అడవి ఎంత పోయిందో తెలియాలంటే తోటల పటం కూడా కావాలి. అదీ, దానితో పోల్చిచూసే ప్రోగ్రామూ మరో సంస్థ సర్వర్‌లో ఉండొచ్చు. ఇలాంటి చోట పనికొచ్చేదే వెబ్ ప్రాసెసింగ్ సర్వీస్ అనే ప్రమాణం. ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్టియం దీన్ని 2007లో తెచ్చింది. తొలి రూపంలో మూడే అభ్యర్థనలు: నీ దగ్గర ఏ పనులున్నాయి, ఈ పనికి ఏమివ్వాలి, ఇక చేసిపెట్టు. ఎవరి సర్వర్ అయినా ఈ మూడింటికీ జవాబిస్తే, దాన్ని వర్క్‌ఫ్లోలో ఒక దశగా తగిలించుకోవచ్చు.

నా దృష్టిలో ఇలాంటి వర్క్‌ఫ్లోతో వేగం కన్నా పెద్ద లాభం, ఏ డేటా, ఏ హద్దు వాడారో దశలవారీగా రాసిపెట్టుకోగలగడం. ఈ అడవి లెక్కలను చూపే గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ వెబ్‌సైట్ మామూలుగా 30 శాతానికి మించి చెట్ల కొమ్మలు కప్పిన నేలనే లెక్కిస్తుంది. ఆ హద్దును 10కి దించితే అవే చిత్రాల్లో పలచటి అడవులు కూడా లెక్కలోకొచ్చి మొత్తం మారిపోతుంది.