చెక్కను కరిగించే శిలీంధ్రాలు: కుళ్లు వెనక ఉన్న కెమిస్ట్రీ



వానలు పడగానే పార్కులో పాత దుంగల మీద విసనకర్రల్లా మొలిచే పుట్టగొడుగులను మీ పిల్లలు చూసే ఉంటారు. "ఛీ, కుళ్లిపోయింది, ముట్టుకోకు" అంటాం మనం. ఈసారి ఒక్క నిమిషం ఆగి వాళ్లతో కలిసి గమనించండి.

చెక్క ఎందుకంత గట్టిది?

చెక్కలో సెల్యులోజ్ పోగులు శ్లాబులో ఇనుప చువ్వల్లాంటివి. వాటి చుట్టూ కాంక్రీటులా పట్టి ఉంచేది లిగ్నిన్. సెల్యులోజ్ అంటే నిజానికి గ్లూకోజ్ గొలుసే. కానీ లిగ్నిన్ అడ్డు తొలగితే గానీ ఆ చక్కెర తేలిగ్గా చేతికి రాదు. ఆ అడ్డు తొలగించడంలో శిలీంధ్రాలు దిట్టలు.

దుంగ మెత్తబడి తెల్లగా, పీచుపీచుగా ఉంటే అక్కడి శిలీంధ్రం లిగ్నిన్‌ను కూడా విడగొట్టిందని అర్థం. గోధుమరంగులో చిన్న ఘనాలుగా పగిలితే, సెల్యులోజ్‌ను తినేసి లిగ్నిన్‌ను చాలావరకు వదిలేసిందన్నమాట.

మనకేం ఉపయోగం?

రెండో ప్రపంచ యుద్ధంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైనికుల నూలు గుడారాలు, దుస్తులు పాడైపోయేవి. అక్కడ దొరికిన శిలీంధ్రమే ట్రైకోడెర్మా రీసీ. సెల్యులోజ్‌ను చక్కెరగా మార్చే దాని ఎంజైములను ఇప్పుడు జీన్స్‌కు వెలిసిన రంగు తెప్పించడానికి కూడా వాడుతున్నారు.

హరియాణాలోని పానిపట్‌లో 2022లో ప్రారంభించిన ఇండియన్ ఆయిల్ ప్లాంటు లక్ష్యం ఏటా సుమారు 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్. పొలంలో కాల్చేస్తే పొగయ్యే గడ్డి ఇలా ఇంధనమవుతుంది. ఇలాంటి ప్లాంట్లలో లిగ్నిన్ పట్టు వదిలించడానికి వేడి, రసాయనాలు కావాలి. అదే పనిని శిలీంధ్రాలు మామూలు వాతావరణంలోనే చేస్తాయి, కాకపోతే నెమ్మదిగా. ఆ వేగం పెంచడం మీద పరిశోధనలు సాగుతున్నాయి. రేపు ఆ ల్యాబులో మీ అమ్మాయో అబ్బాయో ఉండవచ్చు!

ఇంట్లో చేసి చూడండి

ఆయిస్టర్ పుట్టగొడుగులు లిగ్నిన్‌ను విడగొట్టే రకమే. వరిగడ్డితో నింపిన రెడీమేడ్ కిట్ తెచ్చి, గాలి తగిలే నీడలో ఉంచి, రోజూ నీళ్లు చిలకరించమనండి. కోత అయ్యాక ఆ గడ్డిని, కొత్త గడ్డిని తడిపి పక్కపక్కన పెట్టి తుంచమనండి. ఏది తేలిగ్గా తెగింది? ఎందుకు? జవాబు వాళ్లనే చెప్పనివ్వండి.

జాగ్రత్త: బయట మొలిచిన పుట్టగొడుగులను చూడడమే తప్ప రుచి చూడకూడదు. కొన్ని ప్రాణాంతకం. ఆస్తమా ఉన్న పిల్లల గదిలో కిట్ పెట్టకండి.